పెదవి తగలని మాట

పారిస్‌లో ఎస్ రూటు బస్సు కిక్కిరిసి ఉంది. టోపీకి రిబ్బను బదులు అల్లిన తాడు చుట్టుకున్న పొడుగు మెడ కుర్రాడొకడు పక్కాయనతో తగువు పెట్టుకుని, సీటు ఖాళీ కాగానే గబుక్కున వెళ్లి కూలబడ్డాడు. రెండు గంటల తర్వాత సాన్ లజార్ స్టేషను ముందు వాడే మళ్లీ కనిపించాడు. ఓవర్‌కోటుకు ఇంకో గుండీ కుట్టించుకోమని స్నేహితుడు చెబుతున్నాడు.

కథ ఇంతే. 1947లో రేమో కెనో దీన్నే 99 రకాలుగా చెప్పి పుస్తకం వేశాడు: ఒకసారి కలలా, ఒకసారి టెలిగ్రాములా, ఇంకోసారి సానెట్‌లా. మొదటి నాలుగైదింటికి నవ్వొస్తుంది, ఇరవై దగ్గర విసుగొస్తుంది, యాభై దాటాక బస్సు మరుగై భాషొక్కటే మిగులుతుంది.

1960లో కెనో, ఫ్రాన్స్వా ల లియొనే కలిసి ‘ఊలిపో’ బృందం పెట్టారు. కావాలని ఒక నియమానికి కట్టుబడి రాయడం వాళ్ల పద్ధతి. యతిప్రాసలతో పెరిగిన మనకు ఇదేం వింత కాదు. దండి ‘దశకుమారచరితం’లో మంత్రగుప్తుడు, ప్రియురాలి పంటిగాట్లకు పెదవి నొచ్చి, ప ఫ బ భ మ తగలకుండానే తన కథంతా చెప్పేస్తాడు. మన కవులూ నిరోష్ఠ్య కావ్యాలు రాశారు.

అమెరికాలో ఈ ఆట చిన్న కథలోకి దూరింది. 1968లో జాన్ బార్త్ తన సంపుటి మొదటి కథను, కత్తిరించి మెలితిప్పి అంటించుకునే కాగితపు పట్టీగా ఇచ్చాడు. ‘అనగనగా’ అంటూ తిరుగుతూనే ఉంటుంది. ఒకసారి చూడ్డానికి బాగుండే గారడీ, అంతే. డొనాల్డ్ బార్తెల్మే ‘సెంటెన్స్’ అలా కాదు. ఫుల్‌స్టాపే లేని ఆ ఒక్క వాక్యం, తడబడుతూ, దారి తప్పుతూ, మనిషి ఊపిరిలా నడుస్తుంది.

జార్జ్ పెరెక్ ‘లా దిస్పారిస్యోఁ’ (1969) నవలే అయినా ఇక్కడ వదిలేయలేను. ఫ్రెంచిలో అన్నిటికన్నా ఎక్కువగా వాడే ‘ఈ’ అక్షరం అందులో ఒక్కచోటా లేదు. స్పానిష్‌లోకి తెచ్చినవాళ్లు ఆ భాషకు తగ్గట్టు ‘ఏ’ని మానేశారు. అదో పందెంలా కనిపిస్తుంది. కానీ ‘ఈ’ అక్షరం లేకపోతే ఫ్రెంచిలో తండ్రి అనే మాట రాదు, తల్లి రాదు, పెరెక్ తన పేరు తాను రాసుకోలేడు. తండ్రి 1940లో యుద్ధంలో పోయాడు. తల్లిని 1943లో ఆష్విట్జ్‌కు పట్టుకుపోయారు. ఆమె గురించి ప్రభుత్వం ఇచ్చిన పత్రంలో ఉన్నదీ ఆ నవల పేరులోని మాటే: అదృశ్యం.

ఇది తెలిశాక నేనూ పెదవి తగలకుండా నాలుగు ముక్కలు రాయబోయాను. నాన్న అనొచ్చు. తల్లి అని కూడా అనొచ్చు. అమ్మా అని పిలవడమే కుదరలేదు.