షెడ్డులోని పాత పికప్పు: ఏ సంవత్సరానికి బాగుచెయ్యాలి?

పాత బండిని బాగుచేద్దాం అని ఇంట్లో ఎవరన్నా అనగానే మొదట రంగు గురించే మాట్లాడతారు. ఆకుపచ్చా, నీలమా, కొత్తగా మెరవాలా అని. అసలు తేల్చుకోవాల్సింది అది కాదు. బండిని ఏ కాలానికి తీసుకెళ్లాలి? కంపెనీ గేటు దాటిన రోజుకా, మన ఇంటికొచ్చిన రోజుకా, ఆఖరుసారి వడ్ల బస్తాలు మోసిన రోజుకా? ఇడపనూరులో మా షెడ్డులో ఉన్న మహీంద్రా ఎఫ్‌సీ-150 గురించి ఇంట్లో నడుస్తున్న వాదన ఇదే. ఇది ఒక్క మా ఇంటి గొడవ కాదు. రాయచూరు, సింధనూరు, గంగావతి వైపు స్థిరపడ్డ మనవాళ్ల షెడ్లలో ఇలాంటి ఇనుము ఇంకా ఉంది.

ముందు ఈ బండి ఇక్కడికి ఎందుకొచ్చిందో చూడాలి. తుంగభద్ర ఆనకట్టకు 1945 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరిగింది. ఒక ఒడ్డు హైదరాబాదు సంస్థానానిది, రెండో ఒడ్డు మద్రాసు ప్రెసిడెన్సీది. 1953లో కాలవలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలవ 227 కిలోమీటర్లు. దాని కింద భూమి చవగ్గా దొరుకుతోందని విని గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు అక్కడున్న ఎకరం అరెకరం అమ్ముకుని ఇక్కడ ఎక్కువ కొనుక్కున్నారు. అలా వచ్చినవే క్యాంపులు. అప్పుడు రాయచూరు హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. 1956 నవంబరు 1న మైసూరులో కలిసింది. 1973 నవంబరు 1న మైసూరు పేరే కర్ణాటక అయింది. మా బండి నంబరు ప్లేటు మీద ఇంకా ‘ఎంవై’ అక్షరాలే ఉన్నాయి. మనం ఇల్లు మారకుండానే రాష్ట్రం మారిన సంగతి ఆ రేకు ముక్క చెబుతుంది.

నల్లరేగడిలో వానాకాలం వస్తే ఎడ్లబండి ఇరుసు దాకా దిగబడేది. కాలవ గట్టు మీద మామూలు లారీ జారేది. నాలుగు చక్రాలూ లాగే బండి కావాలి. మహీంద్రా వాళ్లు 1940ల చివర్లో బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. ఆ విల్లీస్ కంపెనీదే ఎఫ్‌సీ-150. అమెరికాలో బ్రూక్స్ స్టీవెన్స్ అనే డిజైనరు దీనికి రూపం ఇచ్చాడు. జీపు ఛాసిస్ మీదే డ్రైవరు క్యాబిను ఇంజను మీదకు జరిపి, వెనక సామానుకు చోటు పెంచడం దీని కిటుకు. అమెరికాలో 1965కల్లా దీన్ని ఆపేశారు. ఇక్కడ మాత్రం మహీంద్రా చేతుల్లో అది బతికింది. మోటు ముక్కు, పెద్ద అద్దం, డ్రైవరు పక్కనే వేడెక్కే ఇంజను డబ్బా, ఇవే దాని గుర్తులు.

లోపల ఉన్నది హరికేన్ ఇంజను. నాలుగు సిలిండర్లు, 2199 సీసీ, 70 పైచిలుకు హార్స్‌పవరు. గాలి వచ్చే వాల్వులు హెడ్డులో ఉంటాయి, పొగ పోయే వాల్వులు పక్కన బ్లాకులో ఉంటాయి. ప్లగ్గుల వరస 1-3-4-2. మంచి ఇంజనే, కానీ పెట్రోలు తాగుతుంది. 1973లో చమురు సంక్షోభం వచ్చి పెట్రోలు ధర ఎగబాకేసరికి రైతుకు అది మోయలేని బరువైంది. అప్పటికే 1963లో మహీంద్రా వాళ్లు ఇంటర్నేషనల్ హార్వెస్టరుతో కలిసి ట్రాక్టర్ల కంపెనీ పెట్టారు. వాళ్ల బీ-275 ట్రాక్టరు పల్లెల్లో తిరుగుతోంది. ఆ డీజిలు ఇంజను విప్పడం, బిగించడం ఊరి మేస్త్రీకి చేతిలో పని. మా బండిలోకి డీజిలు ఇంజను అలాగే దిగింది. మౌంటింగులు కోసి, పట్టీలు వెల్డింగు పెట్టి కూర్చోబెట్టారు.

ఇక్కడే చిక్కు. 2021 జులైలో కేంద్రం వింటేజి బండ్లకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన, సొంత వాడకపు రెండు, నాలుగు చక్రాల బండ్లకు అది వర్తిస్తుంది. కొత్తగా రిజిస్టరు చేస్తే రూ.20,000, పునర్నమోదుకు రూ.5,000. పదేళ్లు చెల్లుతుంది. అంతకుముందే రిజిస్టరైన బండి పాత నంబరే ఉంచుకోవచ్చు. కానీ ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు ఉండకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, రిపేరుకో, ఇంధనానికో తప్ప రోజూ తిప్పకూడదు, కిరాయికి వాడకూడదు.

అంటే ఆ గౌరవం కావాలంటే డీజిలు ఇంజను తీసేసి, ఎక్కడైనా హరికేన్ వెతికి పెట్టాలి. బయట దేశంలో ఉన్న మా తమ్ముడి వాదన అదే: “ఒరిజినల్ కాకపోతే విలువేముంది అన్నయ్యా?” మా పెదనాన్నగారిది ఇంకో మాట: “ఆ పెట్రోలు ఇంజనుతో మనం తిన్నది ఎన్నాళ్లురా? మనల్ని మోసింది డీజిలే.”

నేను పెదనాన్నగారి వైపే. కారణం ఉంది. ఈ ప్రాజెక్టును వేసినవాళ్లు తక్కువ నీటితో ఎక్కువ ఎకరాలకు మెట్టపంటలు అని లెక్క వేసుకున్నారు. మనవాళ్లు వచ్చి వరి వేశారు. బియ్యం మిల్లులు వచ్చాయి, ఊళ్లు పెరిగాయి. అదే వరి వల్ల పైవాళ్లు నీళ్లు ఎక్కువ వాడేసి, రాయచూరు, మాన్వి వైపు చివరి కొస రైతులకు కాలవ ఎండిపోయింది. అలా ఎండినవాళ్లలో మనకంటే ముందునుంచీ ఇక్కడున్న కన్నడ రైతులూ ఉన్నారు. వడ్లు మోసిందీ ఈ బండే, అర్ధరాత్రి తూము దగ్గర నీటి కోసం కాపలాకు మనుషుల్ని మోసిందీ ఈ బండే. దాన్ని కంపెనీ నుంచి వచ్చినట్టు చేస్తే ఈ చరిత్రంతా తుడిచిపెట్టినట్టే. ఇంజను దగ్గరున్న ఆ వంకర వెల్డింగే మనం రాసుకోని దస్తావేజు.

కాబట్టి మా ఇంట్లో పెట్టుకున్న పద్ధతి ఇది, మీకూ పనికొస్తుందేమో చూడండి. విప్పేముందు ప్రతి వైపూ ఫోటో తియ్యాలి. ప్రతి భాగం బోల్టులు వేరే డబ్బాలో వేసి పేరు రాయాలి. బిగుసుకున్న ఇంజనును సెల్ఫుతోగానీ, తోసిగానీ తిప్పొద్దు. ఇంజెక్టర్లు విప్పి సిలిండర్లలో డీజిలు పోసి కొన్ని రోజులు నాననిచ్చి, చేత్తో నిదానంగా తిప్పాలి. ఛాసిస్ గొట్టాల్లో చేరిన రేగడి మట్టి, ఊక గీకి తియ్యాలి. తుప్పు లోపలినుంచే తింటుంది. ఖాళీ ఇంధన టాంకీకి ఇంట్లో వెల్డింగు పెట్టొద్దు, లోపలి ఆవిరి పేలుతుంది. ఇంజను స్టార్టయిందన్న సంబరం కంటే ముందు బ్రేకు సిలిండర్ల రబ్బర్లు, పైపులు మార్చాలి.

గేరు బాక్సు, ఇరుసుల సామాను చాలావరకు పాత జీపులదే, కాబట్టి పాత సామాను కొట్లలో దొరుకుతుంది. క్యాబిను రేకులు, ముందు అద్దం మాత్రం కష్టం. అవి ఉన్నవి ఉన్నట్టు కాపాడుకోవాలి.

రంగు ఆఖర్న. వెనక తలుపు మీద పాత అక్షరాలు, ఒక వైపు తెలుగు, ఒక వైపు కన్నడ, సగం చెరిగిపోయి ఉన్నాయి. వాటి చుట్టూ రంగు వేస్తాం, వాటి మీద వెయ్యం. వింటేజి ప్లేటు మాకు రాదు. ఆ డీజిలు ఇంజను ఎవరు, ఎందుకు పెట్టారో చెప్పగల మనుషులు ఉండగానే ఆ మాటలు రాసి బండి కాగితాలతో కలిపి పెడుతున్నాం. మీ షెడ్డులో బండి ఉంటే, పానా పట్టేముందు ఆ పని చెయ్యండి.