చదరంగపు గళ్ళలో ఒక మెర్సెన్ సంఖ్య

పండిత శిక్షణ నాడే నాకు కంఠస్థమైన పద్యమొకటి ఉన్నది. చదరంగపు తొలి గడిలో ఒకటి, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇట్లా రెట్టిస్తూ అరవై నాలుగు గళ్ళూ నింపితే మొత్తమెంత అన్న లెక్కకు జవాబది. పావులూరి మల్లనదిగా ప్రసిద్ధి. మహావీరాచార్యుని సంస్కృత గణితసారసంగ్రహాన్ని తెనిగించినవాడు మల్లన. ఆయన కాలాన్ని గూర్చి పండితులకు వాదాలున్నాయి, వాటి జోలికి పోను. మా చిలకలూరిపేట నుండి పర్చూరు మీదుగా ఇంకొల్లు వైపు సాగితే తగిలే పావులూరే ఆయన ఇంటిపేరుకు మూలమని ఈ ప్రాంతంవారమంతా గర్వంగా చెప్పుకుంటాము. శరములు అయిదు, చంద్రుడు ఒకటి, వేదములు నాలుగు అనే సంకేతాలతో అంకెలను కుడి నుండి ఎడమకు పేర్చితే 18446744073709551615 వస్తుంది.

ఒకనాడు తరగతిలో ఒక కుర్రవాడు లేచి, "మాష్టారూ, ఇది వేటితో భాగం పోతుందండీ?" అన్నాడు.

"చివర అయిదున్నది గదా, అయిదుతో పోతుంది. కూర్చో."

"అయిదు తరువాత?"

"ఇది తెలుగు తరగతి" అని గద్దించాను. నిజానికి నాకు తెలియదు.

ఉద్యోగ విరమణ తరువాత గాని ఆ ప్రశ్నను నేను పట్టించుకోలేదు. మల్లన సంఖ్య 2^64 - 1. రెండు యొక్క ఘాతం నుండి ఒకటి తీసివేయగా వచ్చేవాటిని మెర్సెన్ సంఖ్యలంటారు. 64 విడిపోయే సంఖ్య గనుక ఇదీ సులువుగానే విడిపోతుంది: 3, 5, 17, 257, 641, 65537, 6700417. వీటిలో 641ని 1732లో ఆయిలర్ పట్టుకున్నాడు. 2^32 + 1 ప్రధాన సంఖ్య అనుకున్న ఫెర్మా నమ్మకం దానితో కూలిపోయింది.

ఘాతాంకం తానే ప్రధాన సంఖ్య అయినప్పుడే అసలు చిక్కు. పారిస్ నగరపు సన్యాసి మెర్సెన్ 1644లో ఒక పట్టిక ప్రకటించాడు. అందులో 67, 257 తప్పులు. 61, 89, 107 విడిచిపెట్టినవి. 2^67 - 1 ప్రధాన సంఖ్య కాదని లూకా 1876లో నిరూపించాడు గాని, కారణాంకాలు చూపలేదు. దొంగ ఇంట్లోనే ఉన్నాడని తెలుసు, ఏ గదిలోనో తెలియదు! 1903 అక్టోబరులో న్యూయార్కు సభలో కోల్ అనే ఆచార్యుడు నల్లబల్ల మీద 193707721ని 761838257287తో గుణించి, మాటైనా పలుకకుండా పోయి కూర్చున్నాడట. మూడేళ్ళ ఆదివారాలు పట్టిందని ఆయన అన్నట్లు కథ.

వెదకటానికి ఒక దారి మాత్రం ఫెర్మా ముందే చూపాడు. ఘాతాంకానికి రెట్టింపు తీసుకొని, దాని గుణిజానికి ఒకటి కలిపితే వచ్చే సంఖ్యలనే పరీక్షిస్తే చాలు. ఆ కిటుకుతోనే 1640లో 2^37 - 1ని 223 భాగిస్తుందని కనుగొని మెర్సెన్‌కు లేఖ వ్రాశాడు. 2^11 - 1 అంటే 2047, అది 23, 89ల లబ్ధం. 22కు ఒకటి కలిపితే 23, 88కి ఒకటి కలిపితే 89. సంఖ్య మొత్తాన్ని వ్రాయనక్కరలేదు, శేషాలను మాత్రం వర్గం చేసుకుంటూ పోవాలి. అందుకే లక్షల అంకెల సంఖ్యను కూడా ఇంటి కంప్యూటరు పరీక్షించగలదు.

1996లో జార్జ్ వోల్ట్‌మన్ ప్రారంభించిన 'జింప్స్' అనే ప్రయత్నం ఈ పనిని ఇళ్ళలోకి తెచ్చింది. పాత, నెమ్మది యంత్రాలకు కారణాంకాల వేట అప్పగించేవారు. మా అబ్బాయి వదిలివెళ్ళిన కంప్యూటరుకూ అదే దక్కింది. రోహిణీ కార్తె ఎండల్లో ఫ్యాను రొద, మధ్యలో కరెంటు కోత. "ఎవరికోసమండీ ఈ బిల్లు?" అని మా ఇంటావిడ.

ఈ వేట మెట్లు మెట్లుగా సాగుతుంది. 2^64 నుండి 2^65 వరకు ఒక మెట్టు. అంటే మల్లన సంఖ్య ఎక్కడ ముగుస్తుందో సరిగ్గా అక్కడ మొదలు! ఆ మెట్టులో కారణాంకం తగిలే అవకాశం రమారమి అరవై అయిదింట ఒకటి. నాకు తగలలేదు. "కారణాంకం లేదు" అన్న వరుసలే నెలల తరబడి వచ్చాయి. వాటినీ పంపాను, ఆ దారి మరొకరు మళ్ళీ తొక్కనక్కరలేదు గదా. తరువాతి దశకంలో గ్రాఫిక్స్ కార్డులు వచ్చి మా బోటి యంత్రాలను ఈ పని నుండి తప్పించాయి.

2^1277 - 1కు 385 అంకెలే. అది ప్రధాన సంఖ్య కాదని రూఢి అయింది. అయినా 2024 నాటికి దాని కారణాంకం ఒక్కటి కూడా ఎవరికీ చిక్కలేదు. ఆ కుర్రవాడు మళ్ళీ కనిపిస్తే మల్లన సంఖ్యకు ఏడు జవాబులు చెప్పి, దీనిని అతనికి అప్పగిస్తాను.