మాటకు పుట్టిల్లు ఎక్కడ?



బ్యాంకు పరీక్షకో, రైల్వే పరీక్షకో కూర్చునే పిల్లలు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు. వాళ్ల చేతుల్లో ఒక నోటుబుక్కు కనిపిస్తుంది. ఎడమ పక్క ఇంగ్లీషు మాట, కుడి పక్క దాని అర్థం. రోజుకు ఇరవై మాటలు చొప్పున బట్టీ పడతారు. పరీక్ష అయిపోయిన నెలకే అందులో సగం మరుపున పడతాయి. బరంపురం, పర్లాకిమిడి, ఛత్రపురం ప్రాంతాల్లో దీనికి మరో చిక్కు తోడవుతుంది. ఇంట్లో తెలుగు, వీధిలోనూ బడిలోనూ ఒడియా, పరీక్షలో ఇంగ్లీషు. మూడు భాషల మధ్య పిల్లవాడు నలిగిపోతున్నాడనీ, ఇంట్లో తెలుగు మానేస్తే ఇంగ్లీషు బాగా వస్తుందనీ అనుకునే తల్లిదండ్రులు కూడా ఉన్నారు. ఆ ఆలోచన సరైనదేనా? మన గంజాం చరిత్రనే అడిగి చూద్దాం.

రుషికుల్య నది ఒడ్డున, పురుషోత్తమపురానికి దగ్గరలో జౌగడ ఉంది. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలో అశోక చక్రవర్తి అక్కడి బండ మీద తన ఆజ్ఞలు చెక్కించాడు. కళింగ యుద్ధం గురించి చెప్పే పదమూడో శాసనం మాత్రం ఇక్కడ లేదు. దానికి ముందున్న రెండు శాసనాలనూ వదిలేసి, వాటికి బదులు కళింగ ప్రజల కోసం, సమాపా పట్టణంలోని అధికారుల కోసం ప్రత్యేకంగా రెండు శాసనాలు వేయించాడు. వాటిలో ఒక మాట గమనించదగ్గది. తిష్య నక్షత్రం నాడు ఈ ఆజ్ఞను అందరూ వినాలి, నడుమ రోజుల్లో కూడా వినాలి, వినేవాడు ఒక్కడే అయినా సరే వినిపించాలి అన్నాడు. అంటే అది రాతి మీద రాసినదే అయినా, చెవిన పడవలసిన మాట.

ఇలాంటి శాసనాన్ని ఇంగ్లీషులో 'ఈడిక్ట్' అంటారు. లాటిన్ భాషలో 'డిక్' అనే ధాతువుకు చెప్పడం అని అర్థం. ముందున్న 'ఈ' అంటే బయటికి. బయటికి చెప్పినది, చాటింపు వేసినది ఈడిక్ట్. ఈ ఒక్క ధాతువు పట్టుకుంటే ఒక కుటుంబం మొత్తం మన ఇంటికి వస్తుంది. ముందే చెప్పడం 'ప్రిడిక్ట్', అంటే జోస్యం. ఎదురు చెప్పడం 'కాంట్రడిక్ట్'. నిజం చెప్పడం 'వర్డిక్ట్', అంటే న్యాయస్థానం తీర్పు. చెబుతుంటే రాసుకునేది 'డిక్టేషన్'. తాను చెప్పిందే శాసనం అనేవాడు 'డిక్టేటర్'. చెప్పే మాటలను కూర్చిన పుస్తకం 'డిక్షనరీ'. బండ మీది శాసనమూ, బల్ల మీది నిఘంటువూ ఒకే తల్లి బిడ్డలన్నమాట.

ఈ పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. సంస్కృతంలో 'వద' అనే ధాతువుకూ చెప్పడమనే అర్థం. దానికి ఉపసర్గలు చేర్చగా వచ్చిన మాటలు మన తెలుగులో ఎన్ని ఉన్నాయో చూడండి. వివాదం, సంవాదం, అపవాదం, ప్రతివాదం, అభివాదం, అనువాదం. ఒడియాలో ఇవే మాటలను 'బిబాద', 'అనుబాద' అని పలుకుతారు. కాంట్రడిక్ట్ అన్న మాట విన్నప్పుడు ప్రతివాదం గుర్తొస్తే, ఇక దాన్ని బట్టీ పట్టే పని లేదు. రెండు భాషలు వచ్చిన మన సరిహద్దు పిల్లవాడికి ఈ ఉపసర్గల సంగతి రెండు వైపుల నుంచీ తెలుసు. అతనికి ఉన్నది భారం కాదు, పెట్టుబడి.

ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. అక్షరాలు కలిసినంత మాత్రాన అర్థం కలవదు. 'ట్రాన్స్‌పోర్ట్', 'ఎక్స్‌పోర్ట్' మాటల్లోని పోర్ట్‌కు మోయడం అని అర్థం. గోపాలపురం పోర్ట్ అన్నప్పుడు అది రేవు అనే మరో లాటిన్ మాట నుంచి వచ్చింది. పైకి ఒకేలా కనిపించినా, అర్థం చెప్పుకునేటప్పుడు దేని దారి దానిదే. అందుకే ఊహతో ఆగకుండా నిఘంటువు తెరచి చూడాలి.

ఇంగ్లీషు మనకు ఇవ్వడమే కాదు, మన దగ్గర పుచ్చుకుంది కూడా. మన ధాన్యపు కొట్లలో తిరిగే పందికొక్కే ఇంగ్లీషులో 'బాండికూట్' అయింది. ఆ మాట ఓడ ఎక్కి ఆస్ట్రేలియా వెళ్లి, అక్కడ పిల్లల్ని సంచిలో మోసే వేరే జంతువుకు పేరుగా స్థిరపడింది. సరుకు దాచే 'గోడౌన్' మలయా భాష నుంచి ఇంగ్లీషులోకి చేరింది. దాని మూలం మన గిడ్డంగి కావచ్చునని నిఘంటుకారులు రాశారు. మన పొరుగున పూరీలో వెలసిన జగన్నాథుడి పేరు 'జగర్‌నాట్' అయింది. అడ్డొచ్చిన దాన్నల్లా నలిపేసే శక్తి అని ఇంగ్లీషులో దాని అర్థం. రథచక్రాల కింద జనం పడి ప్రాణాలు విడుస్తారని పాశ్చాత్య యాత్రికులు రాసిన కథల వల్ల వచ్చిన అర్థమిది. రథం తాడు పట్టుకుని లాగిన మనకు జగన్నాథుడంటే లోకాలకు నాథుడు. ఒక మాట పరాయి నోట పడితే ఎంత మారుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ వెతకనక్కరలేదు.

పరిపాలన చేయడానికి దొరలకు కూడా మన మాటలు కావలసి వచ్చాయి. 1852లో సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. 1855లో హెచ్.హెచ్. విల్సన్ కోర్టు, రెవెన్యూ మాటలకు పెద్ద పదకోశం తెచ్చాడు. అందులో తెలుగు, ఒడియా మాటలకూ చోటుంది. రైతు, జమీందారు, కచేరీ అన్న మాటలు తెలియకపోతే శిస్తు లెక్క తేలేది కాదు మరి.

అయితే అధికారం కోసం కాకుండా, అభిమానం కొద్దీ నిఘంటువు రాసిన మనిషి మన పర్లాకిమిడిలోనే ఉన్నారు. ఆయన గిడుగు వెంకట రామమూర్తి పంతులు. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయులుగా చేరారు. ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా చదివి పట్టం పుచ్చుకున్నారు. చుట్టుపక్కల కొండల మీది సవరల మాట ఆయన్ని ఆకట్టుకుంది. అది ముండా కుటుంబానికి చెందిన భాష. తెలుగుకూ ఒడియాకూ చుట్టం కాదు. నేర్చుకుందామంటే పుస్తకం లేదు. అందుకని ఆ భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, నోటి నుంచి నోటికి నేర్చుకున్నారు. సవర పిల్లలకు సొంత ఖర్చుతో బడి పెట్టి, వాళ్ల భాషలోనే పాఠాలు చెప్పించారు.

ఆ కృషి ఫలితంగా 1931లో సవర భాషా వ్యాకరణం, 1933లో ఇంగ్లీషు-సవర నిఘంటువు, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. ఇంగ్లీషు మాటకు అర్థం కొండవాడి ఇంటి మాటలో చెప్పడం ఆ రోజుల్లో ఎవరికి తట్టింది? జనం నోట ఆడే తెలుగునే బడిలోనూ పుస్తకంలోనూ రాయాలని ఆయన చేసిన వాడుకభాషా ఉద్యమానికీ ఇదే పునాది. తెలిసిన మాట మీదనే తెలియని మాట నిలబడుతుందని ఆయన నమ్మకం.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి, పర్లాకిమిడి అందులో చేరింది. గిడుగువారు అంతకాలం బతికిన ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. సరిహద్దు గీత మనుషుల్ని అటూ ఇటూ చేసింది. మాటల్ని మాత్రం అది ఆపలేకపోయింది. బరంపురం బజారులో ఈనాటికీ ఒకే బేరం రెండు భాషల్లో సాగుతూనే ఉంది.

అందుచేత పిల్లలకు ఒక సలహా. రోజుకు ఇరవై మాటలు వద్దు, ఒక్క ధాతువు తీసుకోండి. దాని కుటుంబాన్నంతా రాసుకోండి. ప్రతి మాటకూ ఎదురుగా తెలుగు అర్థమూ, తెలిస్తే ఒడియా అర్థమూ రాయండి. పైకి చదివి, దానితో ఒక వాక్యం అల్లండి. తెలుగు చదవడం రాని పిల్లలుంటే, అర్థం అమ్మమ్మనో తాతయ్యనో అడిగి చెప్పించుకోండి. తల్లిదండ్రులకూ ఒక మనవి. ఇంట్లో తెలుగు మానిపిస్తే పిల్లవాడికి ఇంగ్లీషు దగ్గర కాదు. ఆ ఇంగ్లీషు మాటకు ఆనుకోవడానికి గోడ లేకుండా పోతుంది, అంతే.

వినేవాడు ఒక్కడే అయినా వినిపించమన్నాడు ఆనాటి చక్రవర్తి. మీ ఇంట్లో మీ మాట వినడానికి ఒక్క బిడ్డ ఉన్నా చాలు, తెలుగులో చెప్పండి.