కళ్ళ మధ్య దూరం

తాతగారి కళ్ళజోడు సరదాకి పెట్టుకున్న మనవరాలికి కళ్ళు తిరిగితే, తప్పు పిల్ల కళ్ళదని ఎవరమూ అనం. జోడు దాని కొలతకి చేసింది కాదంటాం. ఇంత తేలిక సంగతి మహా మహా ఇంజనీర్లకి తట్టడానికి చాలా ఏళ్ళే పట్టింది.

కంప్యూటరుకి తగిలించి తలకి బిగించుకుంటే, ఉన్నచోటే ఉండి మరో లోకం చూపించే 'వర్చువల్ రియాలిటీ' జోళ్ళ సంగతి చెబుతున్నాను. పేరు కొత్తదే గాని కిటుకు పాతది. మన రెండు కళ్ళూ ఒకే వస్తువుని కాస్త తేడాగా చూస్తాయనీ, ఆ రెండు బొమ్మల్నీ మనసు కలుపుకుంటేనే లోతు తెలుస్తుందనీ 1838లో ఇంగ్లండులో చార్లెస్ వీట్‌స్టన్ రుజువు చేశాడు. ఆ తర్వాత రెండు బొమ్మలు పెట్టి చూసే పరికరాలు అక్కడి ఇళ్ళలో పెద్ద కాలక్షేపమైపోయాయి.

1968లో అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ ఆ రెండు బొమ్మల్నీ కంప్యూటరు చేత గీయించాడు. తల తిప్పితే బొమ్మా మారేది. కాని ఆ బరువు తల మోయలేక పైకప్పు నుంచి వేలాడదీశారు! 1995లో నింటెండో వారు 'వర్చువల్ బాయ్' అని ఇళ్ళకి అమ్మబోయారు. అన్నీ ఎర్రటి బొమ్మలే. ఏడాది తిరక్కుండా మూలపడింది.

2012లో పామర్ లకీ అనే పంతొమ్మిదేళ్ళ కుర్రాడు తన జోడు కోసం జనాన్ని రెండున్నర లక్షల డాలర్లు అడిగితే, 24 లక్షలు వచ్చిపడ్డాయి. 2014లో ఫేస్‌బుక్ ఆ కంపెనీని కొనేసింది. 2016లో 'రిఫ్ట్' 599 డాలర్లకి ఇళ్ళలోకి వచ్చింది.

ఇక్కడే ఉంది అసలు కథ. ఇవి పెట్టుకున్న ఆడవాళ్ళకి మగవాళ్ళకంటే ఎక్కువగా కడుపులో తిప్పుతోందన్నారు. "ఆడవాళ్ళు సున్నితం కదా!" అనేస్తే సరిపోయేది. కాని ఈ యంత్రానికి స్త్రీల మీద వివక్ష ఉందా అని 2014లోనే డేనా బాయిడ్ అనే పరిశోధకురాలు సూటిగా అడిగింది.

కనుపాపల మధ్య దూరం సగటున మగవాళ్ళకి 64 మిల్లీమీటర్లు, ఆడవాళ్ళకి 62. జోడులో కటకాల ఎడం అందుకు సరిపోవాలి. 2016 నాటి రిఫ్ట్‌లో దాన్ని జరుపుకునే వీలుండేది. 2019లో వచ్చిన 'రిఫ్ట్ ఎస్'లో అదీ తీసేసి 63.5 దగ్గర బిగించేశారు! ఎవరి కొలతకి దగ్గరో మీరే చూసుకోండి.

2020లో కే స్టానీ అనే శాస్త్రజ్ఞురాలి బృందం పరీక్షించి చూసింది. ఈ తిప్పడానికి ముఖ్య కారణం కటకాల ఎడం కుదరకపోవడమేనని తేల్చింది. కొలత కుదిరి, ప్రయాణాల్లో తిప్పే తత్వం లేని ఆడవాళ్ళు మగవాళ్ళకంటే ఎక్కువేమీ బాధపడలేదట.

రెండు మిల్లీమీటర్లంటే ఎంత? కాని ఆ కాస్త తేడాకి వస్తువుని సరిచేయడం మాని మనిషికి పేరు పెట్టారు. "నాకివి పడవులెండి" అని జోడు తీసి పక్కన పెట్టిన అమ్మాయిలెందరో! అందుకే, మన ఇళ్ళలో ఆడపిల్ల ఏదైనా "పడదు" అన్నప్పుడు, దాని ఒంటిని అనుమానించే ముందు ఆ వస్తువుని ఎవరి కొలతకి చేశారో ఒకసారి అడుగుదాం.