సెయింట్ హిలరీలో పగిలింది ఎవరి సొత్తు?

1932 ఆగస్టు 8న కొందరు సుత్తులు, గునపాలు పట్టుకుని సెయింట్ హిలరీ అనే పల్లె చర్చిలోకి జొరబడ్డారు. ఇంగ్లండ్‌కు నైరుతి కొసన, కార్న్‌వాల్‌లో, మౌంట్స్ బే సముద్రానికి చేరువలో ఉందా ఊరు. విచారణ గురువు బెర్నార్డ్ వాక్‌ను కదలనివ్వకుండా పట్టి ఉంచి, బలిపీఠాలు పగలగొట్టారు, ప్రతిమలు పెరికేశారు. వాళ్లు కెన్సిట్ అనే ప్రొటెస్టెంట్ ప్రచారకుడి అనుచరులు. ఇంగ్లండ్ చర్చిలో రోమన్ కాథలిక్ పోకడ ఎక్కడ కనిపించినా తుడిచేయడమే వ్రతంగా పెట్టుకున్న ప్రొటెస్టెంట్లు. తాము పగలగొడుతున్నది రోమ్ సరుకేనని వాళ్ల నమ్మకం. ఆ చర్చి ఎలా రూపుదిద్దుకుందో చూస్తే మాత్రం ఆ దెబ్బలు ఊరి సొత్తు మీదే పడ్డాయని నాకనిపిస్తుంది.

13వ శతాబ్దపు గోపురం, దాని శిఖరం మాత్రమే మిగిలేలా ఆ చర్చి 1853లో తగలబడిపోయింది. తర్వాత కట్టిన భవనం నిరాడంబరమైనది. 1913లో అక్కడికి వచ్చిన వాక్ ఆంగ్లో-కాథలిక్. ఇంగ్లండ్ చర్చిలోనే ఉంటూ ధూపదీపాలు, దివ్యబలి పూజ, సాధువుల స్మరణ మళ్లీ తేవాలనే వర్గం అది. చర్చిని అలంకరించడానికి ఆయన ఇటలీ నుంచి బొమ్మలు తెప్పించుకోలేదు. భార్య ఆనీ చిత్రకారిణి. పక్కనే న్యూలిన్, లామోర్నా చిత్రకారులుండేవారు. ఎర్నెస్ట్ ప్రోక్టర్, హెరాల్డ్ నైట్ లాంటివాళ్లు కుంచె పట్టారు. జోన్ మానింగ్ శాండర్స్ ఇంకా చిన్నపిల్లగా ఉండగానే ఆ చర్చికి బొమ్మలు వేసింది. గాయకుల ఆసనాల పలకలు చూడండి: వాటి మీద ఉన్నవి కార్న్‌వాల్ సాధువుల కథలు, అంటే అక్కడి ఊళ్లకు పేర్లిచ్చిన సాధువులవి. మూతబడిన ‘జాలీ టిన్నర్స్’ సారాయి దుకాణాన్ని వాక్ పిల్లల ఆశ్రమంగా మార్చాడు. ఆయన రాసిన ‘బెత్లెహేమ్’ క్రిస్మస్ నాటకాన్ని ఊరివాళ్లే తమ యాసలో ఆడితే, 1920ల చివర్లో బీబీసీ రేడియో ఆ చర్చి నుంచే దేశమంతా వినిపించింది. పరాయి మతాన్ని నెత్తిన రుద్దితే పల్లె జనం ఇలా ముందుకొస్తారా?

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. చర్చిలో ఇలాంటి వస్తువులు పెట్టాలంటే బిషపు కోర్టు అనుమతి ఉండాలి, వాక్ అది తీసుకోలేదు. అనేక వస్తువులను తీసెయ్యమని కోర్టు తీర్పూ ఇచ్చింది. ఆ కోర్టు అధికారాన్నే ఆయన ఒప్పుకోలేదు. అప్పట్లో కార్న్‌వాల్ అంటేనే నిరాడంబర ఆరాధన పాటించే మెథడిస్టుల గడ్డ, ఈ ఆర్భాటం నచ్చని ఇరుగుపొరుగు ఉండే ఉంటారు. ఈ మాటలన్నీ నిజమే. చట్టం దృష్టిలో వాక్ తప్పు చేశాడు, అది దాచనక్కర్లేదు. అయితే అనుమతి ఉందా లేదా అనేదొక్కటే చట్టం అడిగిన ప్రశ్న. ఎవరి చేతులు వాటిని చేశాయి, ఎవరి కళ్లు వాటికి అలవాటుపడ్డాయి అన్నది కోర్టు తేల్చేది కాదు. పైగా, తీసెయ్యమన్న తీర్పు సుత్తితో బద్దలుకొట్టమన్న ఆజ్ఞ కాదు. చర్చిలో చిన్నపిల్ల గీసిన బొమ్మ ఉండటం వల్ల రోమ్‌కు ఒరిగేదీ లేదు, పోయేదీ లేదు. గుడిసొమ్ము మీద హక్కు ఎవరిదని అడిగితే, ముందుగా చెప్పుకోవాల్సింది దాన్ని చేసి, కాచి, దాని ముందు మోకరించినవాళ్ల పేరే.

క్షయవ్యాధితో కుంగిపోయిన వాక్ 1936లో పదవి వదిలి, 1941లో కన్నుమూశాడు. పలకల మీది కార్న్‌వాల్ సాధువులు ఇప్పటికీ సెయింట్ హిలరీ చర్చిలోనే ఉన్నారు.