మడ్డి చెప్పే చరిత్ర: ఇథనాల్ మిశ్రమ పెట్రోలు, కార్ల ఇంధన ఫిల్టర్లు – విశాఖ గోపాలపట్నం నేపథ్యం

వ్యాససంగ్రహం:

పెట్రోలులో ఇథనాల్ పాలు పెరిగిన తరువాత పాత కార్ల ఇంధన ఫిల్టర్లు మడ్డితో పూడుకొనిపోతున్నాయన్న ఫిర్యాదు తరచుగా వినిపిస్తున్నది. దీనికి ఇథనాలే కారణమనే వాదం ఒకటి, ఇదంతా అపోహ అనే వాదం మరొకటి ప్రచారంలో ఉన్నాయి. ఫిల్టరులో చేరే మడ్డిని ఒక చారిత్రక ఆధారంగా స్వీకరించి, దేశ ఇథనాల్ విధానం నడిచిన దారిలో ఈ సమస్య స్థానమేమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చమురుశుద్ధి కర్మాగారానికీ చెరకు సీమకూ నడుమనున్న విశాఖపట్నంలోని గోపాలపట్నం ఇందుకు నేపథ్యం.

కీలకపదాలు: ఇథనాల్, పవర్ ఆల్కహాలు, ఇంధన ఫిల్టరు, ఈ20, విశాఖపట్నం, గోపాలపట్నం, చెరకు.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో ‘మడ్డి’ అనే మాటకు రెండు వాడుకలు ఉన్నాయి. ద్రవం అడుగున పేరుకొనే మలినం మడ్డి. చక్కెర తీయగా మిగిలే చిక్కని ద్రవమూ మడ్డే. దానినే పరిశ్రమ వర్గాలు మొలాసిస్ అంటాయి. ఇథనాల్ కథ చెరకు మడ్డితో మొదలై, పాత కారు ఫిల్టరులోని మడ్డి వద్దకు చేరుతుంది. ఈ రెండింటి నడుమ చట్టాలు, కర్మాగారాలు, నిల్వ ట్యాంకులు, వాహనాలు ఉన్నాయి.

ఇంధన విధాన చరిత్రను సాధారణంగా ఉత్పత్తి వైపు నుండి రాస్తారు. ఎన్ని కోట్ల లీటర్ల ఇథనాల్ కలిపారు, ఎంత విదేశీ మారకద్రవ్యం ఆదా అయింది అన్నవి అందులో ప్రధానాంశాలు. ఆ ఇంధనం చివరకు చేరిన పాత్ర ఏ స్థితిలో ఉన్నదన్న ప్రశ్నకు అక్కడ చోటు తక్కువ. ఫిల్టరును పరిశీలించడం వలన ఆ ప్రశ్న ముందుకు వస్తుంది.

2. రెండు మార్గాల నడుమ గోపాలపట్నం:

గోపాలపట్నం విశాఖ నగరానికి పడమటి వైపున, ఎన్.ఏ.డి. కూడలి దాటిన తరువాత పెందుర్తి మార్గంలో ఉన్నది. సింహాచలం రైల్వేస్టేషను ఈ ప్రాంతంలోనే ఉన్నది. ఒకవైపు ఓడరేవు, మల్కాపురం చమురుశుద్ధి కర్మాగారం. మరొకవైపు పెందుర్తి, సబ్బవరం దాటితే అనకాపల్లి, చోడవరం చెరకు భూములు. పెట్రోలు పుట్టే చోటుకూ ఇథనాల్‌కు మూలమైన పంటకూ మధ్య ఈ ఊరు నిలిచింది.

ఈ రెండు వ్యవస్థల చరిత్ర దాదాపు ఒకే కాలంలో రూపుదిద్దుకొన్నది. విశాఖ ఓడరేవు 1933లో ప్రారంభమైంది. దేశంలో తొలి సహకార చక్కెర కర్మాగారంగా పేరొందిన ఏటికొప్పాక కర్మాగారం నెలకొన్నదీ 1933లోనే. అంతకు ముందే, 1913లో, అనకాపల్లిలో వ్యవసాయ పరిశోధనా స్థానం ఏర్పడి చెరకుపై కృషి సాగించింది. 1957లో కాల్టెక్స్ సంస్థ విశాఖలో శుద్ధి కర్మాగారాన్ని ప్రారంభించింది. తూర్పు తీరంలో అదే మొదటిది. అప్పటి సామర్థ్యం ఏటా 6.75 లక్షల టన్నులు. 1976లో ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకొన్నది. 1978లో అది హిందుస్థాన్ పెట్రోలియంలో విలీనమైంది. చెరకు, చమురు ఇలా ఒకే జిల్లాలో పక్కపక్కనే పెరిగినా, 2003 వరకు వాటిని ఒకే ట్యాంకులో కలపవలసిన నిర్బంధం ఏర్పడలేదు.

3. పవర్ ఆల్కహాలు నుండి ఈ20 వరకు:

పెట్రోలులో ఆల్కహాలు కలపాలన్న ఆలోచన కొత్తది కాదు. యునైటెడ్ ప్రావిన్సెస్‌లో 1940లోనే పవర్ ఆల్కహాలు చట్టం వచ్చింది. స్వాతంత్ర్యానంతరం 1948లో భారత పవర్ ఆల్కహాలు చట్టం అమలులోకి వచ్చింది. అయితే మొలాసిస్ నుండి వచ్చే ఆల్కహాలుకు మద్యం తయారీ, రసాయన పరిశ్రమ బలమైన గిరాకీదారులయ్యాయి. 1960వ దశకంలో ప్లాస్టిక్, కృత్రిమ రబ్బరు కర్మాగారాలలో కొన్ని ఆల్కహాలునే ముడిసరుకుగా స్వీకరించాయి. వాహన ఇంధనంగా దాని స్థానం నామమాత్రమైంది. చివరకు 2000లో ఆ చట్టాన్ని రద్దు చేశారు.

రద్దయిన మూడేళ్లకే అదే ఆలోచన మరో పేరుతో తిరిగి వచ్చింది. 2003 జనవరి నుండి 9 రాష్ట్రాలలో, 4 కేంద్రపాలిత ప్రాంతాలలో 5 శాతం ఇథనాల్ కలపాలని కేంద్రం నిర్ణయించింది. ఆ తొమ్మిదింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. చెరకు దిగుబడి తగ్గడంతో 2004లో నిర్బంధం సడలింది. 2006లో పథకాన్ని 20 రాష్ట్రాలకు విస్తరించారు. అయినా 2013–14 నాటికి దేశవ్యాప్త సగటు 1.53 శాతమే. 2018 జాతీయ జీవ ఇంధన విధానం 2030 నాటికి 20 శాతం లక్ష్యాన్ని పెట్టుకొన్నది. తరువాత ఆ గడువును 2025–26కు ముందుకు జరిపారు. 2022 జూన్‌లో 10 శాతం సాధ్యమైంది. 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో 20 శాతం ఇథనాల్ గల ఈ20 పెట్రోలు విడుదలైంది. 2025 నాటికి 20 శాతం మిశ్రమం దేశమంతటా సాధారణ పెట్రోలుగా మారింది.

ఈ కాలక్రమంలో గమనించదగినది వేగంలోని తేడా. 2003 నుండి పదేళ్లకు పైగా నడక దాదాపు ఆగిపోయినట్లే సాగింది. చివరి నాలుగైదేళ్లలో అది పరుగైంది. కారు ఆయుష్షు సాధారణంగా పదిహేనేళ్లకు తక్కువ కాదు. అందువలన దాదాపు ఇథనాల్ లేని పెట్రోలుతో జీవితం మొదలుపెట్టిన వాహనమే తన వార్ధక్యంలో 20 శాతం ఇథనాల్‌ను ఎదుర్కొన్నది.

4. ఫిల్టరులో చేరేది ఏమిటి?

4.1 పాత నిక్షేపాలు:

పెట్రోలు చాలాకాలం నిలిచినపుడు గాలిలోని ఆక్సిజనుతో చర్య జరిగి జిగురు పదార్థం ఏర్పడుతుంది. అది ట్యాంకు గోడలకు, గొట్టాలకు వార్నీషు వలె పట్టుకొంటుంది. ఉక్కు ట్యాంకులో తుప్పు కూడా చేరుతుంది. మామూలు పెట్రోలు ఈ పొరలను అంతగా కదిలించదు. ఇథనాల్ ధ్రువ స్వభావం గల మంచి ద్రావణి. అది జిగురును కరిగించి, దానితో అంటుకొని ఉన్న తుప్పు రేణువులను వదులు చేస్తుంది. అవన్నీ ప్రవాహంలో కొట్టుకొని వచ్చి ఫిల్టరు వద్ద నిలిచిపోతాయి. కాబట్టి ఈ రకపు మడ్డి ఇథనాల్ పుట్టించినది కాదు. గత పదేళ్లలో పేరుకొన్నదానిని అది బయటపెట్టింది. ఇది సాధారణంగా ఇంధనం మారిన తొలి దశలో ఎక్కువగా ఉండి, ట్యాంకు శుభ్రపడిన కొద్దీ తగ్గుతుంది.

4.2 నీరు:

ఇథనాల్ నీటిని ఆకర్షిస్తుంది. 10 శాతం మిశ్రమం సుమారు 15 డిగ్రీల సెల్సియస్ వద్ద దాదాపు అర శాతం నీటిని తనలో కలుపుకొనగలదు. ఆ హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి అడుగు పొరగా విడిపోతాయి. ఇంధనాన్ని తోడే పంపు అడుగునే ఉంటుంది గనుక ఇంజనుకు మొదట అందేది ఆ పొరే. కాగితపు ఫిల్టరు పొరలు నీటికి ఉబ్బి ప్రవాహాన్ని అడ్డుకొంటాయి. ట్యాంకు అడుగున తుప్పు వేగం పెరుగుతుంది.

విశాఖ వంటి సముద్రతీర నగరంలో గాలి తేమే దీనికి కారణమని చెప్పడం పరిపాటి. లెక్క వేసి చూస్తే ఆ వాదం పూర్తిగా నిలవదు. 30 డిగ్రీల వద్ద తేమతో నిండిన ఒక ఘనపు మీటరు గాలిలో ఉండే నీరు సుమారు 30 గ్రాములు. 40 లీటర్ల ఖాళీ ట్యాంకులో పట్టే గాలిలో 1.2 గ్రాములే. అదే ట్యాంకు నిండా ఉన్న 10 శాతం మిశ్రమం విడిపోవడానికి దాదాపు 200 మిల్లీలీటర్ల నీరు కావాలి. అంటే ట్యాంకులోని గాలి అంతా నూట అరవై సార్లకు పైగా మారి, ప్రతిసారీ దాని తేమ యావత్తూ ఇంధనంలో చేరాలి. ఇథనాల్ పాలు పెరిగితే ఈ హద్దు ఇంకా పెరుగుతుంది. నిత్యం తిరిగే కారులో ఇది దాదాపు జరగని పని. నీరు పెద్ద మొత్తంలో వచ్చే దారులు వేరు: సరిగా బిగియని మూత, వరదలో మునిగిన వాహనం, వాననీరు దిగిన భూగర్భ ట్యాంకు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకిన నగరంలో ఈ మూడవ దారిని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

4.3 విడిభాగాల క్షయం:

పాత రబ్బరు గొట్టాలు, కార్కు గాస్కెట్లు ఇథనాల్ తగిలితే ఉబ్బి, మెత్తబడి, కాలక్రమంలో పొడిగా రాలతాయి. జింకు, ఇత్తడి భాగాలకు, సీసం కలిసిన ట్యాంకు లోపలి పూతకు కూడా హాని ఉంటుంది. మొదటి రకం మడ్డి తగ్గేది; ఇది కొనసాగేది. 2023 ఏప్రిల్ నుండి వస్తున్న వాహనాలలో ఈ భాగాలకు ఇథనాల్‌ను తట్టుకొనే పదార్థాలు వాడుతున్నారు.

ఫిల్టరును కోసి చూస్తే ఈ మూడింటినీ కొంతవరకు వేరు చేయవచ్చు. ఎర్రమట్టి రంగు పొడి తుప్పుకు గుర్తు. నల్లని జిగట పాత వార్నీషు. అడుగున విడిగా నిలిచే నీళ్ల వంటి పొర నీటికి సాక్ష్యం. మెత్తని నల్ల తునకలు గొట్టం నుండి ఊడినవి. అనుభవం గల మెకానిక్ చేసే ఈ పరిశీలన, చరిత్రకారుడు ఆధారాలను వేరుపరచే పద్ధతికి దూరమైనది కాదు.

5. నిల్వ అనే సమస్య:

ఇథనాల్‌కు నీటితో ఉన్న సంబంధం వలన మిశ్రమాన్ని దూరపు పైపులైన్లలో పంపరు. విశాఖ నుండి విజయవాడ మీదుగా సికింద్రాబాదుకు పెట్రోలు పైపులైనులో వెళ్తుంది. ఇథనాల్ మాత్రం ట్యాంకరు లారీలలో డిపోలకు చేరి అక్కడ కలుస్తుంది. అందువలన నాణ్యత భారం ఒక్క శుద్ధి కర్మాగారంపై కాక, ప్రతి డిపోపై, ప్రతి పెట్రోలు బంకుపై పడింది. బంకు ట్యాంకు అడుగున నీరు ఉన్నదా లేదా అని కడ్డీకి పూతరాసి చూసే పరీక్షకు కూడా మిశ్రమానికి తగిన పూత కావాలి. మామూలు పూత ఇథనాల్ కలిసిన నీటిని సరిగా పట్టుకోకపోవచ్చు.

నిల్వ ఉన్న ద్రవం నిశ్చలం కాదన్న సత్యాన్ని గోపాలపట్నం మరింత దారుణంగా తెలుసుకొన్నది. సమీపంలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా మొదలై, 1997లో ఎల్.జి. సంస్థ చేతికి వచ్చిన కర్మాగారంలో, లాక్‌డౌన్ నాళ్లలో నిల్వ ఉన్న స్టైరీను తనంత తాను పాలిమరుగా మారుతూ వేడెక్కి, 2020 మే 7 తెల్లవారుజామున ఆవిరై వెలువడి ప్రాణాలు తీసింది. కారు ట్యాంకులోని మడ్డితో దానికి పోలిక లేదు. నిల్వ కాలం కూడా ఒక రసాయన కారకమే అన్న పాఠం మాత్రం రెండింటికీ చెందుతుంది.

6. బ్రెజిల్‌తో పోలిక:

బ్రెజిల్ 1931లోనే దిగుమతి పెట్రోలులో 5 శాతం ఆల్కహాలును తప్పనిసరి చేసింది. 1975లో జాతీయ ఆల్కహాలు పథకాన్ని చేపట్టింది. అక్కడి తొలి ఆల్కహాలు కార్లలోనూ తుప్పు సమస్య తలెత్తింది. తయారీదారులు ట్యాంకుల, కార్బ్యురేటర్ల పూతలను మార్చారు. 2003లో ఏ నిష్పత్తికైనా సర్దుకొనే ఫ్లెక్స్ వాహనాలు మార్కెట్లోకి వచ్చాయి. అక్కడ వాహనం, ఇంధనం దశాబ్దాల పాటు జంటగా మారాయి. కొనుగోలుదారునికి బంకు వద్ద ఎంపిక కూడా మిగిలింది. భారతదేశంలో ఇంధనం ముందు నడిచి, వాహనం వెనుకబడింది.

7. 2021 నివేదిక – 2025 వివాదం:

ఈ వెనుకబాటు విధానకర్తలకు తెలియనిది కాదు. 2021 జూన్‌లో నీతి ఆయోగ్ వెలువరించిన మార్గపటం, ఇథనాల్ లేని పెట్రోలుకు రూపొంది 10 శాతానికి సర్దుబాటు చేసిన కార్లలో ఈ20 వలన 6–7 శాతం ఇంధన సామర్థ్యం తగ్గవచ్చునని అంచనా వేసింది. పాత వాహనాల కోసం 10 శాతం మిశ్రమాన్ని రక్షణ ఇంధనంగా కొనసాగించాలనీ, ఇథనాల్‌లో శక్తి తక్కువ గనుక మిశ్రమం ధర తక్కువగా ఉండాలనీ సూచించింది. ఈ రెండు సూచనలూ బంకు వద్ద అమలు రూపం దాల్చలేదు.

2025 ఆగస్టులో ఫిర్యాదులు పెరిగినపుడు పెట్రోలియం మంత్రిత్వశాఖ స్పందించింది. కొన్ని పాత వాహనాలలో 20,000–30,000 కిలోమీటర్ల తరువాత రబ్బరు భాగాలను, గాస్కెట్లను మార్చవలసి రావచ్చుననీ, ఆ ఖర్చు స్వల్పమనీ తెలిపింది. ఇథనాల్ లేని పెట్రోలును ఎంపికగా ఇవ్వాలన్న పిటిషనును 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టివేసింది. ‘స్వల్పం’ అన్న మాట ఎవరి లెక్కలో అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. జాతీయ ఆదా లెక్కల్లో ఒక ఫిల్టరు ధర కనిపించదు. సెకండ్‌హ్యాండ్ కారును కిరాయికి తిప్పుకొని బతికేవానికి ఫిల్టరు ధరతో పాటు ఒక రోజు కిరాయి కూడా పోతుంది. చెరకు రైతుకు దక్కిన లాభం ఎంత వాస్తవమో ఈ నష్టమూ అంతే వాస్తవం. మొదటిది విధాన పత్రాలకు ఎక్కింది. రెండవది మెకానిక్ షెడ్డు రశీదు వద్దే ఆగింది.

8. ముగింపు:

* ఫిల్టరులోని మడ్డికి ఏక కారణం లేదు. పాత నిక్షేపాలు, బయటి నీరు, విడిభాగాల క్షయం అనే మూడింటిని వేరు చేయకుండా ఇథనాల్‌ను నిందించడమూ, సమర్థించడమూ అశాస్త్రీయమే.

* తీర ప్రాంతంలో గాలి తేమ కంటె నిల్వ ట్యాంకులలోకి, వాహనంలోకి నేరుగా చేరే నీరే పెద్ద ప్రమాదం. వర్షాకాలంలో బంకు ట్యాంకుల పరీక్ష, బంకు వద్ద మిశ్రమ శాతాన్ని స్పష్టంగా రాయడం, ఇంధనం మారిన తొలి నెలల్లోనే పాత కారు ఫిల్టరును మార్చడం అవసరం.

* 1948 నుండి నేటి వరకు ఇథనాల్ విధానం ఉత్పత్తిని లెక్కించినంత శ్రద్ధగా పాత వాహనాన్ని లెక్కించలేదు. పరివర్తన ఖర్చు అందువలన వినియోగదారుని వద్దకు జారింది.

* మెకానిక్ షెడ్ల రశీదులు, బంకుల నీటి పరీక్ష పుస్తకాలు ప్రాంతీయ సాంకేతిక చరిత్రకు విలువైన ఆధారాలు. ఇవి ఏ ఆర్కైవులోనూ దాచనివి. షెడ్డు మూతపడితే పోయేవి. గోపాలపట్నం వంటి చోట్ల వీటిని సేకరించడం చరిత్ర పరిశోధకులు వెంటనే చేపట్టదగిన పని.