పాత సామానుతో బెల్టు గ్రైండర్.. ఏవి వాడవచ్చు? ఏవి కూడదు?

కొడవళ్లు, గొడ్డళ్లు, కత్తులకు పదును పెట్టేందుకు కమ్మరి కొలిమిల్లోనూ, వెల్డింగ్ దుకాణాల్లోనూ ఎక్కువగా వాడేది గుండ్రటి సానరాయి. వాడేకొద్దీ రాయి అరిగి, దాని వ్యాసం తగ్గుతుంది. పగుళ్లున్న రాయి తిరుగుతూ పేలితే ప్రాణాలకే ముప్పు. ఈ ఇబ్బందులు లేనిది బెల్టు గ్రైండర్. చక్రాలపై తిరిగే గరుకు పట్టీ లోహాన్ని చదునుగా అరగదీస్తుంది. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల, పాత ఇనుము దుకాణాల్లో దొరికే సామానుతో దీనిని సొంతంగా తయారు చేసుకోవచ్చు. అయితే పాతవన్నీ పనికిరావు.

మోటారు

నిమిషానికి 1440 చుట్లు తిరిగే 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు చాలు. గాలి రంధ్రాలు లేకుండా పూర్తిగా మూసి ఉన్నదే తీసుకోవాలి. రంధ్రాలుంటే ఇనుప పొడి లోపలికి చేరి మోటారు కాలిపోతుంది. చక్రం వ్యాసాన్ని 3.14తో, ఆపై చుట్ల సంఖ్యతో గుణిస్తే పట్టీ వేగం తెలుస్తుంది. 100 మి.మీ. చక్రంతో నిమిషానికి సుమారు 452 మీటర్లు వస్తుంది. 2880 చుట్ల మోటారైతే 904 మీటర్లకు పెరిగి, పనిముట్టు అంచు త్వరగా వేడెక్కుతుంది. వేగం తగ్గించేందుకు ఫ్యాన్ రెగ్యులేటరు తగిలించకూడదు.

చక్రాలు, చట్రం

చట్రానికి పాత చదరపు పైపు, పట్టీని బిగించేందుకు మోటారు సైకిల్ స్టాండు స్ప్రింగు సరిపోతాయి. మోటారు షాఫ్టుకు ఒక చక్రం, పైన పట్టీని బిగించే చక్రం, పని చేసే ఇనుప పలకకు పైనా కిందా రెండు చిన్న చక్రాలు కావాలి. పై చక్రం మధ్యభాగం అంచులకన్నా 1 మి.మీ. మేర ఉబ్బుగా ఉంటే పట్టీ పక్కకు జారదు. ఈ చక్రాలను లేతు మీద సరిగ్గా గుండ్రంగా తీయించాలి. మోత చేసే పాత బేరింగులు, పగిలిన చక్రాలు వాడితే ప్రమాదం తప్పదు. నాలుగు చక్రాలూ ఒకే వరుసలో ఉండాలి. పనివాడి ఎదుట పట్టీ పైనుంచి కిందికి తిరగాలి. అప్పుడే నిప్పురవ్వలు నేల వైపు పోతాయి.

కొత్తవే కొనాల్సినవి

గరుకు పట్టీ, విద్యుత్తు తీగ, స్టార్టరు కొత్తవే కొనాలి. పాత పట్టీ అతుకు వద్ద ఊడి ముఖానికి తగలవచ్చు. మోటారు ఒంటికి ఎర్తింగు తప్పనిసరి. కరెంటు పోయి వస్తే యంత్రం దానంతటదే తిరగకూడదు. అందుకే వ్యవసాయ మోటార్లకు పెట్టే ఆటో స్టార్టరును దీనికి బిగించరాదు.

పని చేసేటప్పుడు

కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు ధరించాలి. కండువా, చేతి తొడుగులు పట్టీలో చిక్కుకుంటాయి కనుక తీసివేయాలి. ఉక్కును అరగదీసిన యంత్రంపై అల్యూమినియం పని చేయాలంటే ముందు పొడినంతా శుభ్రం చేయాలి. రెండు పొడులూ కలిసినచోట నిప్పురవ్వ పడితే మంట రేగుతుంది. కత్తిని తరచూ నీటిలో ముంచాలి. అంచు నీలిరంగుకు మారితే ఉక్కు గట్టిదనం పోయినట్టే.

మొదటిసారి స్విచ్ వేసే ముందు పట్టీని చేత్తో తిప్పి చూడాలి. ఆపై పక్కన నిలబడి రెండు నిమిషాలు ఖాళీగా నడిపించాకే పనిముట్టును ఆనించాలి.